మత్తులోనున్న పశువునకు కాపలా



నేటి ప్రసంగమునకు విషయము పశువులకు శస్త్రచికిత్స చేయునపుడు వాడు పరికరములు. కత్తులు, కత్తెరలు, కుట్టుసూదులు మొదలగువానిని గూర్చి నేను చెప్పబోవుట లేదు. పశువునకు మత్తు నిచ్చునవి, మత్తులో దాని వంటి వేడిమిని నిలుపునవి, దాని యూపిరిని, నాడిని కనిపెట్టి చూపునవి యని మూడు తెగల పరికరములు గలవు. వీనిలో మొదటిదానిని గూర్చియే జనులు సాధారణముగా విచారింతురు. "మత్తుసూది వేసినారా?" అని యడిగి ఊరకుందురు. తక్కిన రెండింటిని గూర్చి యడుగువారు అరుదు. కాని మత్తు నిచ్చుట యొక విద్య. మత్తులోనున్న ప్రాణిని కాపాడుట వేఱొక విద్య. ఈ రెండవ విద్య కొఱతపడినచోట, కోత చక్కగా జరిగియు పశువు దక్కకపోవచ్చును. పాడిగేదె యొకటి పోయినచో ఆ యింట పిల్లల పాలు, వారి చదువు, బాకీ వాయిదా మూడును ఒక్కమాఱే తెగిపోవును. అందుచేత ఈ సంగతి వైద్యులకే గాక పశువును తోలుకొనివచ్చు పెద్దలకును తెలిసియుండుట మేలు.

శస్త్రపు బాధను తగ్గింపవలెనను తలంపు మనకు క్రొత్తది కాదు. బాధ కోర్వజాలని రోగికి శస్త్రకర్మకు ముందు మద్యము నీయవలెనని సుశ్రుతుడు విధించెను. అయినను బాధ బొత్తుగా తెలియకుండ జేయు మందులు వాడుకలోనికి వచ్చినది పందొమ్మిదవ శతాబ్దముననే. 1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీని అమెరికాలోని బోస్టను పట్టణమున మోర్టనను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని రోగిచే పీల్పించి, అందఱి యెదుట దాని గుణమును చూపెను. మఱుసటి యేడు ఎడింబరో నగరమున సింప్సనను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. క్లోరోఫారము త్వరగా పనిచేయును, ఈథరువలె మండదు. కాని అప్పుడప్పుడు రోగి బల్లమీదనే హఠాత్తుగా మరణించుచుండెను. ముందు ఆగునది ఊపిరియా, గుండెయా? దీనిని గూర్చి సీమ వైద్యులలో పెద్ద తగవు పుట్టెను. ఆ తగవును తీర్పబూనిన తావులలో మన హైదరాబాదు నగరము ముఖ్యమైనది.

హైదరాబాదు వైద్య పాఠశాలకు అప్పుడు ఎడ్వర్డు లారీ అను వైద్యుడు అధిపతిగా నుండెను. అతని పూనికచే 1888లో నొకటియు, 1889లో నొకటియు పరిశోధక సంఘము లేర్పడెను. రెండవ సంఘమునకు ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము ధనమిచ్చి, లండను నుండి లాడర్ బ్రంటనను ప్రసిద్ధ వైద్యుని రప్పించెను. కుక్కలు మొదలగు జంతువులు వందలకొలది ఈ పరీక్షలకు లోనైనవి. ఎల్లప్పుడును ముందు ఊపిరియే ఆగును, తరువాతనే గుండె యాగును, కావున ఊపిరిని కనిపెట్టి చూచిన చాలునని సంఘమువారు తేల్చిరి. ఊపిరిని కనిపెట్టవలెననుట మంచి మాట. చాలునన్న మాటయే పొరపాటు. చాలినంత లోతుగా లేని క్లోరోఫారపు మత్తులో గుండె యొక్కమాఱుగా గతి తప్పి వణకి ఆగిపోవచ్చునని 1911లో లీవీ అను ఆంగ్ల వైద్యుడు పిల్లులపై పరీక్షించి చూపెను. ఒక్క గుఱుతును మాత్రమే నమ్మి కూర్చుండరాదనునది దీనివలన మనకు తేలిన నీతి. ఈ విద్య సంపాదించుటకై ప్రాణము లిచ్చినవి మూగజీవులు. దాని ఫలము వానికిని దక్కుట న్యాయము గదా!

మత్తు పశువునొద్దనుండి బాధను మాత్రమే తీసికొనిపోదు. బాధతోకూడ మూడు రక్షలను తీసికొనిపోవును. మొదటిది గొంతు కాపలా. మెలకువలోనున్న పశువు గొంతులో నీరు పడినచో దగ్గును, మ్రింగును. మత్తులో ఆ రెండును చేయజాలదు. రెండవది వేడిమి. మెలకువలో చలివేసినచో వణకును, ముడుచుకొనును, ఎండలోనికి పోవును. మత్తులో అవి లేవు. మూడవది మొఱ. మూగజీవియైనను బాధ కలిగినపుడు అఱచును, కాలు విదల్చును, చెవులు వ్రేలవేయును. మత్తులో అదియును లేదు. తీసికొన్న ఈ మూడు రక్షలను తిరిగి సమకూర్చునవే నేను చెప్పబోవు పరికరములు.

ఆవులకు, గేదెలకు వీలైనంతవఱకు పూర్తి మత్తు నీయరు. దీనికి కారణము వాని కడుపు. పెద్ద ఆవు మొదటి పొట్టలో నూఱు లీటర్లకు మించిన మేతయు నీరును పులియుచు వాయువు పుట్టించుచుండును. నిలుచున్న పశువు త్రేన్పుచే ఆ వాయువును వెడలించును. ప్రక్కకు పండుకొనబెట్టినచో త్రేన్పు రాదు. పొట్ట యుబ్బి ఊపిరితిత్తులను నొక్కును. ఆ మీద పొట్టలోని నీరు గొంతునకెక్కి ఊపిరిగొట్టములోనికి జాఱవచ్చును. కావున పశువును నిలువబెట్టియే, కోయవలసిన చోటు మాత్రము తిమ్మిరెక్కించు పద్ధతి మేలైనది. దీనికి వాడు మందు లిగ్నోకేయిను. 1943లో స్వీడను దేశమున లోఫ్‌గ్రెనను రసాయనికుడు దీనిని తయారుచేసెను. ప్లాస్టిక్ సంచులు తిన్న యొక యావునకు ఎడమ డొక్క తెఱచి వానిని తీయుట నేను చూచితిని. వెన్నుపూసల ప్రక్కన వరుసగా మూడు నరముల చెంత సూదిమందు వేసిరి. డొక్కలో వైద్యుని చేయి మోచేతి మీదివఱకు దూరియుండగా ఆ యావు తోక విసరుచు, తన యజమానుని భుజము నాకుచు నిలిచియుండెను! ఆ వైద్యునికి కావలసివచ్చిన పరికరము పొడుగుపాటి సూది యొకటియే. తక్కినదంతయు శరీర నిర్మాణ జ్ఞానము.

మందు మోతాదు విషయమున ఒక హెచ్చరిక. జైలజీను అను మందును పశువును శాంతింపజేయుటకు వాడుదురు. గుఱ్ఱమునకు కావలసిన దానిలో సుమారు పదియవ వంతు ఆవునకు చాలును. నిండుచూడి పశువునకు అది హాని చేయవచ్చును. లిగ్నోకేయిను సహితము మేకలకు, మేకపిల్లలకు కొంచెము హెచ్చినను విషమగును. దానిని పలుచన చేసి కొలత ప్రకారము వేయవలెను. కావున పశువు బరువును ఉజ్జాయింపుగా చెప్పుట పనికిరాదు. మేకను, కుక్కను కాటాపై తూచవచ్చును. ఎద్దునకు ముందుకాళ్ల వెనుకగా ఛాతీ చుట్టుకొలత తీసి బరువు లెక్కకట్టు టేపులు గలవు. పశువు చూడిదా, ఎన్నవ నెల, ఇంతకుముందు ఏ మందులు వేసిరి అను సంగతులను దాచక చెప్పవలెను.

పూర్తి మత్తు తప్పనిచోట, ముఖ్యముగా కుక్కలకు, పిల్లులకు, గుఱ్ఱములకు, దూడలకు, ఆవిరిమత్తు యంత్రమును వాడుదురు. పేరు పెద్దదే గాని పని సులభముగా బోధపడును. ఒక ఉక్కుసీసాలో ప్రాణవాయువు ఒత్తి నింపబడియుండును. అది కొలతగొట్టము గుండ వచ్చి, మందుపాత్రను దాటుచు ఐసోఫ్లూరేను అను ద్రవపు ఆవిరిని తనతో తీసికొనిపోవును. ఆ పాత్రపైనున్న మరను త్రిప్పి నూటికి ఒకటి, రెండు, మూడు పాళ్లని ఆవిరిని నిర్ణయింతురు. చేతిగుడ్డపై క్లోరోఫారము చిలుకరించిన కాలమునకును, నేటికిని గల పెద్ద భేదము ఈ మరయే. ఆ గాలి పశువు ఊపిరిగొట్టములో నుంచిన మెత్తని నాళము ద్వారా లోనికి పోవును. నాళము చివర చిన్న బుడగ యొకటి యుండును. దానిని గాలితో నింపగనే ఊపిరిగొట్టమునకు బిరడావలె అమరి, ఉమ్మిగాని కడుపులోని నీరుగాని లోనికి జాఱకుండ చేయును. పోయిన మొదటి రక్షకు ఇదే మాఱు. పెద్ద ఆవునకు ఆ నాళము బొటనవ్రేలికంటె లావుగా నుండును. నోరు మూతపడకుండ ఇనుప కళ్లెము పెట్టి, వైద్యుడు చేయి గొంతువఱకు పోనిచ్చి తడవి దానిని అమర్చును.

యంత్రమున కమర్చిన రబ్బరు సంచి కొలిమితిత్తివలె ఊపిరితో నిండుచు తఱుగుచు నుండును. అది కదలుచున్నంతసేపు ఊపిరి యాడుచున్నదని కంటికి కనబడును. ఊపిరి యాగినచో దానిని చేతితో నొక్కి ఊపిరి పోయవచ్చును. పది కిలోల కుక్క ఒక్కొక్క ఊపిరికి నూఱు మొదలు నూటయేబది మిల్లీలీటర్ల గాలిని పీల్చును. దానికి ఒక లీటరు సంచి సరిపోవును. విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిని తొలగించుటకు సున్నపు గులికలు నింపిన డబ్బా యుండును. గోడకు వేసిన తడిసున్నము గాలిలోని ఆ వాయువునే పీల్చుకొని గట్టిపడునని మీరెఱుగుదురు. ఇక్కడ జరుగునదియు అదియే. గులికల శక్తి యుడిగినపుడు వాని రంగు మాఱును. చాల చిన్న జీవులకు ఈ డబ్బా లేని తేలిక గొట్టములను వాడుదురు. ఎక్కువైన గాలి వెడలుటకు ఒక కవాటమున్నది. దానిని మూసి మఱచినచో సంచి యుబ్బి, ఆ యొత్తిడికి ఊపిరితిత్తులు పగులును. అందుచేత పశువును చేర్చుటకు ముందే యంత్రమును పరీక్షించుట మంచి వైద్యుల నియమము.

ఇక వేడిమిని గూర్చి. ఆరోగ్యమైన ఆవునకు వంటివేడి ఫారెన్‌హీటు కొలతలో సుమారు 101.5 డిగ్రీలు, కుక్కకు 101 మొదలు 102.5 వఱకు, మేకకు ఇంకను కొంచెము హెచ్చు. మత్తు పట్టగనే చర్మపు రక్తనాళములు సడలి, గుండె చుట్టునున్న వేడి అంచులకు పాఱిపోవును. కావున మొదటి గంటలోనే వేడి హెచ్చుగా తఱుగును. దానికితోడు వెండ్రుకలు గొరుగుట, స్పిరిటుతో తడుపుట, పొట్ట తెఱచుట, చల్లని ప్రాణవాయువు పీల్చుట నాలుగును వేడిని లాగివేయును. వేడియన్నము ముద్దగా నున్నదానికంటె పళ్లెమున పఱచినచో త్వరగా చల్లాఱునట్లు, చిన్న జీవి పెద్దదానికంటె త్వరగా చల్లబడును. చల్లబడిన శరీరములో మందు త్వరగా విఱుగదు, మెలకువ ఆలస్యమగును, రక్తము సరిగా గడ్డకట్టదు, గుండె గతి తప్పవచ్చును. మెలకువ వచ్చినపిమ్మట వణకు పుట్టి, ప్రాణవాయువు అవసరము రెండు మూడు రెట్లు పెరుగును.

దీనికి పరికరములు రెండు విధములు. ఒకటి గోరువెచ్చని నీరు లోపల తిరుగుచుండు పఱుపు. రెండవది సన్నని చిల్లులుగల తేలిక దుప్పటిలోనికి వెచ్చని గాలి నూదు యంత్రము. నరములోనికెక్కించు ద్రవమును వెచ్చచేయు చిన్న పరికరము కూడ గలదు. ఇవి లేనిచోట కాళ్లకు ఉన్ని తొడుగులు, క్రింద ఎండుగడ్డి, గోనెపట్టాలు, పైన దుప్పటి, తలుపుగాలికి అడ్డు తెఱ చాల మేలుచేయును. చేయరాని పని యొకటి యున్నది. మరగిన నీటి సీసానుగాని, మనుష్యులు కాపు పెట్టుకొను విద్యుత్తు పఱుపునుగాని ఒంటికి నేరుగా ఆనించరాదు. మెలకువలోనున్న జీవి వేడి తగిలినచో జరుగును. మత్తులోనున్నది జరుగలేక చర్మము కాలిపోవును. ఆ సీసాయే చల్లాఱినతరువాత జీవి వేడినే లాగుకొనును. మఱియొక సంగతి: పెద్ద గేదెకు వేసవిలో భయము చలికాదు, ఉడుకు. నల్లని చర్మము, తక్కువ చెమట గల జంతువు గనుక దానిని నీడపట్టున, ప్రొద్దుటివేళ చికిత్సకు ఉంచుట మంచిది. ఏది కావలయునో చెప్పునది థర్మామీటరేగాని మన యూహ కాదు.

మూడవ తెగ పరికరములు మొఱకు మాఱైనవి. పల్స్ ఆక్సీమీటరును మనుష్యుల వ్రేలికి తగిలించుట మీరు చూచియుందురు. జపాను దేశీయుడగు టకువో అఓయాగి 1974లో లోకమునకు తెలిపిన సూత్రముపై అది నడచును. ఎఱ్ఱని కాంతియు, కంటికి కనబడని వేఱొక కాంతియు రక్తము గుండ పోనిచ్చి, ప్రాణవాయువు ఎంత నిండియున్నదో నూటికింతయని చెప్పును. కుక్కకు దీనిని నాలుకకు తగిలింతురు. 95కు మీద నున్న మంచిది. 90కి దిగినచో అపాయము. గేదె నాలుక నలుపు కాంతిని అడ్డగించును గావున నలుపులేని చోటు వెదకవలెను. ఇంతటి పరికరమునకును ఒక లోపమున్నది. పశువు ప్రాణవాయువునే పీల్చుచున్నపుడు, ఊపిరి మందగించినను అంకె 98 అనియే యుండవచ్చును. లోపల బొగ్గుపులుసు గాలి పేరుకొనుచుండును. దానిని చెప్పునది కాప్నోగ్రాఫను వేఱొక పరికరము. విడిచిన ఊపిరి చివర ఆ వాయువు 35 మొదలు 45 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడిలో నుండవలెను. రక్తపుటొత్తిడిని కొలుచునది ఇంకొకటి. సగటు ఒత్తిడి చిన్న జీవులకు 60కి, గుఱ్ఱమువంటి పెద్దవానికి 70కి దిగరాదు. పెద్ద జంతువునకు అది దిగినచో, దాని బరువు క్రింద నలిగిన కండరములకు రక్తమందక, మేలుకొన్న పిమ్మట లేచి నిలువలేదు. అందుకే దాని క్రింద దళసరి పఱుపు వేయుదురు; ముఖమునకు కట్టిన మోకును విప్పుదురు. గుండె గతిని గీతలుగా చూపు ఇ.సి.జి., నాడిని చప్పుడుగా వినిపించు డాప్లరు కూడ గలవు. ఒక్కొక్క పరికరము ఒక్కొక్క మాటయే పలుకును. అన్నిటిని కలిపి వినువాడు వైద్యుడు. హైదరాబాదు పరీక్షల నీతి ఇక్కడ మరల జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

ఈ యంత్రములు తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరము మొదలగుచోట్ల పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు చేరువనున్నవారికి అందుబాటులో నుండును. మీ పల్లె కొట్టమున ఉండకపోవచ్చును. అంతమాత్రమున కాపలా లేకుండ పోదు. కన్ను, చెవి, చేయి, గడియారము, థర్మామీటరు ఈ అయిదును ఎచ్చటనైన దొరకును. వైద్యుడు కోతలో మునిగియుండగా చదువువచ్చిన యొకరు కాగితమును చేతపట్టి, అయిదేసి నిమిషముల కొకమాఱు నాడి యెంత, ఊపిరి యెంత యని వ్రాయవలెను. ఆవు నాడి తోక అడుగున చిక్కును. నిమిషమునకు 60 మొదలు 80 వఱకు కొట్టుకొనును. మేకకు తొడ లోపలివైపు చిక్కును. చిగురును వ్రేలితో నొక్కి వదలినచో తెల్లబడిన చోటు రెండు సెకండ్లలో మరల ఎఱ్ఱబడవలెను. గేదె చిగురు నల్లనిదైనచో క్రిందిఱెప్ప లోపలి రంగును చూడవలెను. ఒక్క అంకె కంటె అంకెలు ఎటు పోవుచున్నవో తెలియుట ముఖ్యము, అందుకే వ్రాయుట.

కోత ముగిసి కుట్లు పడగనే అందఱును లేచి కాళ్లు కడుగుకొనుట వాడుక. సరిగా అప్పుడే అసలు గండము మొదలగును. 2002 మొదలు 2004 వఱకు ఇంగ్లండు మొదలగు దేశములతో కూడిన బ్రిటిషు రాజ్యమున సుమారు 98 వేల కుక్కల మత్తును లెక్కించి చూచిరి. అందు ఆఱువందలకు ఒకటి చొప్పున మరణించెను. పిల్లులలో నాలుగువందలకు ఒకటి. ఆ మరణములలో కుక్కలకు నూటికి 47, పిల్లులకు నూటికి 61 కోత ముగిసిన పిమ్మటనే జరిగినవి. వానిలో హెచ్చు పాలు మొదటి మూడు గంటలలోనే. నాడిని చూచుటయు, పల్స్ ఆక్సీమీటరును తగిలించుటయు పిల్లులలో మరణములు తక్కువగుటతో కూడియున్నవని ఆ లెక్కలోనే తేలెను. యంత్రములు విప్పినతరువాత ఆ మూడు గంటలకు కాపలా మనము గాక మఱెవరు?

కావున పెద్దలు చేయవలసిన పనులను క్లుప్తముగా చెప్పి ముగించెదను. పెద్ద పశువునకు పూర్తి మత్తు నీయవలసియున్నచో వైద్యుడు చెప్పిన ప్రకారము ఒక పగలు, ఒక రాత్రి మేత మాన్పించుడు. జాలిపడి చాటున పిడికెడు గడ్డి పెట్టినచో అది గొంతునకెక్కి ప్రాణము తీయవచ్చును. పాలుత్రాగు దూడను మాత్రము అంతసేపు పస్తుంచరాదు. వైద్యుని అడిగి చేయుడు. మేలుకొనుచున్న పశువును ప్రక్కకు పడియుండనీయక, రొమ్ముపై కూర్చుండబెట్టి, రెండు ప్రక్కల గడ్డి నింపిన గోనెలు ఆనించుడు. మూతి క్రిందికి వాలియుండ నిండు. ఉమ్మి బయటికి కాఱిపోవలెను. త్వరగా లేచునని నోట నీళ్లు పోయకుడు; మ్రింగుట రాని గొంతులో అవి ఊపిరితిత్తులలోనికే పోవును. తానై లేచి స్థిరముగా నిలుచువఱకు మేత, నీరు చూపకుడు. ఎండ, చలిగాలి, కుక్కలు, పిల్లల సందడి దానికి దగ్గఱకు రానీయకుడు. మూడు గంటలపాటు ఒకరు దాని చెంత కూర్చుండుడు.

విరాటుని కొలువున సహదేవుడు ఆలమందలకు కాపరిగా నుండెనని భారతము చెప్పుచున్నది. రాజపుత్రుడైనవాడు పసుల కాపలాను చిన్నతనముగా నెంచలేదు. మత్తులోనున్న పశువుచెంత గడియారము పట్టుకొని కూర్చుండుటయు అట్టి కాపలాయే. ఇక మీదట పశువును చికిత్సకు తోలుకొనిపోవునపుడు "మత్తు ఎట్లిత్తురు?" అని యడుగుటతో నాగక, "మత్తులో దీనిని కనిపెట్టి యుండువారెవరు? మేలుకొనువఱకు మేమేమి చేయవలెను?" అనియు అడుగుడు. ఆ ప్రశ్నకు వైద్యుడు సంతోషించునే గాని కోపింపడు.